పాత ఆపరేషన్ కుట్ల దగ్గర హెర్నియా వస్తే ఏం చేయాలి? గుర్తించడం నుంచి కోలుకునే దాకా

పాత ఆపరేషన్ మచ్చ దగ్గర మెత్తటి ఉబ్బు ఉందా? దగ్గితే పెద్దదై, వెల్లకిలా పడుకుంటే లోపలికి పోతోందా? అయితే అది చాలావరకు హెర్నియానే. పాత కుట్ల దగ్గర పొట్ట గోడలో రంధ్రం పడి, అందులోంచి కొవ్వో పేగో బయటికి పొడుచుకురావడమే ఇది. డాక్టర్లు దీన్ని ఇన్సిషనల్ హెర్నియా అంటారు. పొట్ట మధ్యలో నిలువుగా కోసి చేసిన ఆపరేషన్ల తర్వాత 100 మందిలో సుమారు 10 నుంచి 15 మందికి ఇది వస్తుంది. ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే బయటపడుతుంది. పదేళ్ల తర్వాత బయటపడేవీ లేకపోలేదు.

ఈ ఉబ్బు చూసుకున్నాక కొందరు నొప్పి లేదు కదా అని ఏళ్ల తరబడి వదిలేస్తారు. కొందరు టెన్షన్ పడి వారం తిరక్కముందే ఆపరేషన్ బల్ల ఎక్కేస్తారు. రెండూ నష్టమే. పేగు ఇరుక్కుంటే తప్ప దీనికి ఉన్నపళంగా ఆపరేషన్ అక్కర్లేదు. మీ చేతిలో సాధారణంగా కొన్ని నెలల టైమ్ ఉంటుంది. వేసిన రిపేరు నిలుస్తుందా, మళ్లీ ఊడుతుందా అన్నది ఆ నెలల్లో మీరు చేసుకునే తయారీ మీద చాలా ఆధారపడి ఉంటుంది. అందుకే ఇక్కడ ఆపరేషన్ గురించి కంటే దాని ముందు పనుల గురించే ఎక్కువ రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు: ఈ లక్షణాలుంటే వెంటనే ఆస్పత్రికి

రోజూ లోపలికి పోయే ఉబ్బు ఇవాళ పోవడం లేదు. గట్టిపడింది. ముట్టుకుంటే నొప్పిగా ఉంది. దీనికి వాంతులు, కడుపు ఉబ్బరం, గ్యాస్ గానీ మలం గానీ పోకపోవడం, జ్వరం, ఉబ్బు మీద చర్మం ఎర్రబడటం లేదా నల్లబడటం, వీటిలో ఏ ఒక్కటి తోడైనా పేగు ఇరుక్కుందనే అనుకోవాలి. రక్తం అందని పేగు చచ్చుబడటానికి రోజులు పట్టదు, గంటలు చాలు. పొద్దున్నే చూద్దాంలే అనుకునే వ్యవహారం కాదిది.

బయల్దేరే ముందు ఉబ్బును గట్టిగా నొక్కి లోపలికి నెట్టే ప్రయత్నం చేయొద్దు. ఉబ్బు అణచడానికి పొట్టకు బెల్టు పెట్టుకుని ఉంటే తీసేయండి. మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి ఏమీ తినొద్దు, తాగొద్దు. మలం రావడం లేదని విరేచనాల మందు వేసుకోవడం మరీ ప్రమాదం, ఎందుకంటే మూసుకుపోయిన పేగును అది ఇంకా గట్టిగా పిండుతుంది. సర్జన్, మత్తు డాక్టర్ ఇద్దరూ ఉండే ఆస్పత్రికే నేరుగా వెళ్లండి.

హెర్నియా పెద్దదైతేనే ప్రమాదం అనుకుంటారు చాలామంది. పేగు ఇరుక్కోవడం విషయంలో అలా కాదు. రంధ్రం వెడల్పుగా ఉంటే పేగు సులువుగా వచ్చి వెనక్కి పోతుంది. మెడ, అంటే ఆ రంధ్రం, ఇరుకుగా ఉన్న చిన్న హెర్నియాలోకి దూరిన పేగే వెనక్కి రాలేక బిగుసుకుపోతుంది. కాబట్టి ‘నాది చిన్నదేలే’ అన్న ధీమా వద్దు.

1. లోపల ఏం జరిగిందో తెలుసుకోండి

పొట్ట గోడలో చర్మం, దాని కింద కొవ్వు, ఆ కింద ఫేషియా అనే తెల్లటి గట్టి పొర, కండరాలు ఉంటాయి. అన్నిటికన్నా లోపల పేగుల్ని కప్పి ఉంచే పలచటి పొర ఉంటుంది. బలమంతా ఆ తెల్లటి పొరదే. ఆపరేషన్ చివర్లో సర్జన్ శ్రద్ధగా కుట్టేది దాన్నే. చర్మం పది పదిహేను రోజుల్లో అతుక్కుంటుంది. లోపలి పొర మాత్రం నెలల తరబడి నెమ్మదిగా గట్టిపడుతుంది. ఏడాది గడిచినా మొదట్లో ఉన్న బలం పూర్తిగా రాదు, మహా అయితే 80 శాతం దాకా వస్తుంది. పైన మచ్చ ఎంత అందంగా మానినా లోపల కుట్లు ఎలా ఉన్నాయో అది చెప్పదు.

ఆ పొర సరిగా అతుక్కోకపోవడానికి పెద్ద కారణం గాయంలో చీము పట్టడం. మీ మొదటి ఆపరేషన్ తర్వాత కుట్ల నుంచి చీమో నీరో కారి చాలాకాలం డ్రెస్సింగ్ చేయించుకుని ఉంటే, హెర్నియాకు బీజం అక్కడే పడి ఉండొచ్చు. ఊబకాయం, పొగ తాగడం, అదుపులో లేని షుగర్, రక్తహీనత, పోషకాహార లోపం, ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు, తగ్గని దగ్గు, కడుపులో నీరు చేరడం, ఒకే చోట పదేపదే కోయడం, అర్ధరాత్రి ఎమర్జెన్సీగా చేసిన ఆపరేషన్, ఇవన్నీ ప్రమాదాన్ని పెంచుతాయి.

కుట్టే పద్ధతికీ ఇందులో పాత్ర ఉంది. నెదర్లాండ్స్‌లో చేసిన ఒక పరిశోధన 2015లో వెలువడింది. అంచు నుంచి 5 మిల్లీమీటర్ల దూరంలో, 5 మిల్లీమీటర్లకొకటి చొప్పున దగ్గర దగ్గరగా కుట్టినవాళ్లలో ఏడాది తర్వాత 13 శాతం మందికి హెర్నియా వచ్చింది. సెంటీమీటరు దూరంలో పెద్ద పెద్ద కుట్లు వేసినవాళ్లలో అది 21 శాతం. కొన్నిసార్లు కుట్టు దారమే పొరను కోసుకుంటూ వెళ్లి, మచ్చ పొడవునా చొక్కా కాజాల్లాంటి చిన్న చిన్న రంధ్రాలు వరసగా పడతాయి. పైకి ఒకటే ఉబ్బు కనిపిస్తుంది, లోపల చూస్తే నాలుగుంటాయి.

‘ఆ రోజు బరువు ఎత్తకుండా ఉంటే వచ్చేది కాదు’ అని ఇంట్లోవాళ్లు పేషెంటును దెప్పడం మామూలే. బరువు ఎత్తిన రోజు ఉబ్బు కంటపడి ఉండొచ్చు గానీ, చాలామందిలో లోపలి అంచులు ఆపరేషన్ అయిన తొలి వారాల్లోనే విడిపోవడం మొదలై ఉంటాయి. కాబట్టి ఆ నింద నెత్తిన వేసుకోకండి.

లాప్రోస్కోపీ, అంటే చిన్న రంధ్రాల్లోంచి చేసే ఆపరేషన్, చేయించుకున్నవాళ్లకు ఈ బెడద తక్కువ, కానీ అసలు లేదని కాదు. బొడ్డు దగ్గర 10, 12 మిల్లీమీటర్ల పరికరం దూర్చిన రంధ్రంలోనూ హెర్నియా రావచ్చు. బికినీ గీత దగ్గర అడ్డంగా కోసిన సిజేరియన్ కంటే నిలువుగా కోసిన దాంట్లో ప్రమాదం ఎక్కువ.

2. ఇంట్లో ఒకసారి పరీక్షించుకోండి

అద్దం ముందు పొట్ట మీద బట్ట లేకుండా, కాస్త పక్కకు తిరిగి నిలబడండి. అరచేతిని మచ్చ మీద వెడల్పుగా ఆనించి రెండు మూడుసార్లు దగ్గండి. లోపల్నుంచి ఏదో చేతిని తోస్తున్నట్టు తగిలితే ఎక్కడ తగిలిందో గుర్తు పెట్టుకోండి. తర్వాత మంచం మీద వెల్లకిలా పడుకుని, చేతుల సాయం లేకుండా తలను, భుజాలను కొద్దిగా పైకెత్తండి. పొట్ట కండరాలు బిగుసుకుంటాయి, ఉబ్బు ఉంటే పైకి తేలుతుంది. తల దించేసి, కండరాలు వదులయ్యాక అదే చోట వేళ్లతో మెల్లగా తడిమితే కొందరికి రంధ్రం అంచు గట్టిగా ఉంగరంలా తెలుస్తుంది. అంతకు మించి వేలు లోపలికి దూర్చి వెతకొద్దు.

నిలబడి ఒకటి, తల ఎత్తి ఒకటి ఫోటో తీసి పెట్టుకోండి. నెలా రెండు నెలల తర్వాత మళ్లీ తీస్తే పెరుగుతోందా లేదా అన్నది మాటల కంటే ఆ ఫోటోలే బాగా చెబుతాయి. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఉబ్బు సరిగ్గా ఆ పూటే దాక్కుంటే కూడా పనికొస్తాయి.

మచ్చ దగ్గర కనిపించే ప్రతి గడ్డా హెర్నియా కాదు. కరగని కుట్టు దారం చుట్టూ చిన్న గట్టి బుడిపె కట్టొచ్చు. కొవ్వు గడ్డ కావచ్చు. ఆపరేషన్ అయిన తొలి వారాల్లో నీరు చేరి ఉండొచ్చు. సిజేరియన్ అయినవాళ్లకు మచ్చలో గడ్డ ఉండి, నెలసరి వచ్చినప్పుడల్లా అది నొప్పి పుట్టి తర్వాత తగ్గుతుంటే, గర్భాశయం లోపలి పొర ముక్క మచ్చలో పెరగడం, అంటే ఎండోమెట్రియోసిస్ కావచ్చు. దాని చికిత్స వేరు, ఆ నెలసరి సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఇంకొకటి, కాన్పుల తర్వాతా బరువు పెరిగినా పొట్ట మధ్య కండరాలు ఎడమై, తల ఎత్తినప్పుడు రొమ్ము ఎముక నుంచి బొడ్డు దాకా పొడవాటి గట్టులా లేస్తుంది. అక్కడ పొర సాగుతుందే గానీ రంధ్రం ఉండదు, పేగు ఇరుక్కునే భయమూ ఉండదు.

3. సర్జన్ దగ్గరికి ఖాళీ చేతులతో వెళ్లొద్దు

పాత ఆపరేషన్ డిశ్చార్జ్ సమ్మరీ తప్పనిసరి. వీలైతే ఆపరేషన్ నోట్స్ కాపీ కూడా సంపాదించండి. ఎక్కడ కోశారు, ఏ దారంతో కుట్టారు, ఇంతకుముందే మెష్ (పొరను బలపరిచే సన్నటి జాలీ) వేసి ఉంటే ఏ రకం, ఏ పొరలో పెట్టారు అన్నవి ఆ కాగితంలోనే ఉంటాయి. రెండోసారి పొట్ట తెరవబోయే సర్జన్‌కు ఆ ఒక్క పేజీ చాలా విలువైనది. వేసుకుంటున్న మందులన్నీ, ముఖ్యంగా రక్తం పలచబడే మాత్రలు, స్టెరాయిడ్లు, షుగర్ మందులు, బరువు తగ్గే ఇంజెక్షన్లు ఉంటే అవీ రాసుకెళ్లండి.

చాలావరకు చేత్తో పరీక్షించే హెర్నియా అని తేల్చేస్తారు. చిన్నవాటికి అల్ట్రాసౌండ్ చాలు. ఉబ్బు పెద్దదైనా, ఇది మళ్లీ వచ్చిన హెర్నియా అయినా, మనిషి లావుగా ఉండి చేతికి తెలియకపోయినా సీటీ స్కాన్ చేయిస్తారు. స్కాన్ తీసేటప్పుడు ఊపిరి బిగబట్టి ముక్కమంటే మొహమాటపడకుండా గట్టిగా ముక్కండి, లేకపోతే హెర్నియా లోపలికి పోయి చిన్నదిగా కనిపిస్తుంది.

రిపోర్టులో మీరు వెతకాల్సిన అంకె రంధ్రం వెడల్పు. బయటి ఉబ్బు సైజు కాదు. కొబ్బరికాయంత ఉబ్బు 3 సెంటీమీటర్ల రంధ్రంలోంచి రావచ్చు. యూరోపియన్ హెర్నియా సొసైటీ వర్గీకరణ ప్రకారం 4 సెంటీమీటర్ల లోపు ఒక తరగతి, 4 నుంచి 10 దాకా రెండోది, 10 లేదా అంతకంటే ఎక్కువైతే మూడోది. ఆపరేషన్ ఎంత పెద్దది, ఎలాంటి సర్జన్ దగ్గరికి వెళ్లాలి అన్నది చాలావరకు ఈ అంకె తేలుస్తుంది. మొదటి తరగతి వాటిని అనుభవమున్న జనరల్ సర్జన్ ఎవరైనా చేస్తారు. పది దాటినవాటికి, ఒకసారి ఫెయిలైనవాటికి మాత్రం పొట్ట గోడ ఆపరేషన్లు తరచూ చేసే సర్జన్‌నే వెతకాలని నా గట్టి అభిప్రాయం. ఫెయిలైన ప్రతిసారీ తర్వాతి రిపేరు కష్టమవుతుంది, నిలిచే అవకాశమూ తగ్గుతుంది.

4. ఆపరేషనా, ఆగడమా?

మందులతో రంధ్రం మూసుకోదు. వ్యాయామంతో మూసుకోదు. పసిపిల్లల బొడ్డు హెర్నియా దానంతటదే మానుతుంది కాబట్టి ఇదీ మానుతుందనుకుంటే పొరపాటు. బెల్టు కడితే ఉబ్బు అణిగి హాయిగా ఉంటుంది, నడుము నొప్పీ తగ్గొచ్చు, అంతే. రంధ్రం అలాగే ఉంటుంది. బెల్టు పెట్టుకునేటప్పుడు పడుకుని, ఉబ్బు లోపలికి పోయాకే బిగించండి. బయటికొచ్చిన పేగు మీద బెల్టు బిగిస్తే లేని ప్రమాదం కొని తెచ్చుకున్నట్టే.

నొప్పి, పని చేసుకోలేకపోవడం, నెలనెలా పెరగడం, మెడ ఇరుకుగా ఉండటం, ఒకసారైనా ఇరుక్కుని తేరుకోవడం, ఉబ్బు మీద చర్మం పలచబడి పుండు పడేలా ఉండటం, వీటిలో ఏది ఉన్నా ఆపరేషన్ వైపే మొగ్గాలి. ఏ ఇబ్బందీ లేని హెర్నియా ఉన్న పెద్ద వయసువాళ్లు, గుండె, ఊపిరితిత్తుల జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లు గమనిస్తూ ఉండిపోవచ్చు, అదీ మంచి నిర్ణయమే. త్వరలో గర్భం కోరుకునేవాళ్లు, ఇబ్బంది పెట్టని హెర్నియా అయితే కాన్పు తర్వాత చేయించుకోవడం మేలు, లేదంటే పెరిగే గర్భం కొత్త రిపేరు మీద ఒత్తిడి పెడుతుంది. కాన్సర్ చికిత్స నడుస్తుంటే ఆ డాక్టరు, సర్జన్ కలిసి మాట్లాడుకుని టైమ్ చెప్పాలి.

ఆగడం అంటే వదిలేయడం కాదు. పైన చెప్పిన ప్రమాద లక్షణాలు మీకే కాదు, ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసి ఉండాలి. ఉబ్బు పెరుగుతున్నట్టు అనిపిస్తే మళ్లీ చూపించుకోవాలి.

5. ఆపరేషన్‌కు ముందు నెలలు: అసలు పని ఇక్కడుంది

పొగతో మొదలుపెడదాం. సిగరెట్ మానకుండా హెర్నియా రిపేరు చేయించుకోవడం డబ్బు, నొప్పి రెండూ దండగ చేసుకోవడమే. పొగ రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, గాయానికి ఆక్సిజన్ అందదు, చీము పట్టే అవకాశం పెరుగుతుంది. దానికి తోడు దగ్గు. కనీసం నాలుగు వారాల ముందు పూర్తిగా మానాలి. తగ్గించాను, రోజుకు రెండే అంటే కుదరదు. కొందరు సర్జన్లు రక్తంలోనో మూత్రంలోనో నికోటిన్ ఆనవాలు చూసే టెస్టు చేయించి, ఉందని తేలితే డేటు మార్చేస్తారు. అలా చేస్తే కోపం తెచ్చుకోకండి, మీ మంచికే.

షుగర్ ఉంటే మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చూస్తారు. 8 దాటితే చాలామంది సర్జన్లు వాయిదా వేస్తారు, 7 దగ్గరికి తెచ్చుకుంటే ఇంకా మంచిది. ఆపరేషన్ ముందు రోజు షుగర్ మామూలుగా ఉంది కదా అని వాదించి లాభం లేదు. ఈ అంకె ఒక్క రోజులో దిగదు, అందుకే నెలల ముందే మొదలుపెట్టమంటున్నది.

బరువు దగ్గర అందరూ నీరసపడతారు. లావు పొట్టలో లోపలి ఒత్తిడి ఎప్పుడూ ఎక్కువే, ఆ ఒత్తిడి కొత్త కుట్లను ఇరవై నాలుగు గంటలూ లాగుతుంటుంది. బీఎంఐ (ఎత్తును బట్టి బరువు ఎంతుందో చెప్పే అంకె) 35 దాటితే ముందు తగ్గమని చాలామంది చెబుతారు, 40 దాటితే ఎమర్జెన్సీ కానప్పుడు ఆపరేషన్ వాయిదా వేయడం మామూలు. మరీ ఎక్కువ బరువున్నవాళ్లకు ముందు బరువు తగ్గించే బేరియాట్రిక్ సర్జరీ చేసి, బరువు దిగాక హెర్నియా సంగతి చూడటం కూడా ఉంది. ఆదరాబాదరాగా ఉపవాసాలు చేసి తగ్గడం మాత్రం వద్దు. మాంసకృత్తులు తగ్గిపోయిన ఒంట్లో గాయం మానదు. డైటీషియన్ సాయంతో, మాంసకృత్తులు తగ్గకుండా బరువు దించుకోవాలి. రక్తహీనత ఉంటే దాన్నీ ఇదే టైమ్‌లో సరిచేయించుకోండి.

హెర్నియాతో నడవొచ్చా అని అడుగుతారు. నడవొచ్చు, నడవాలి కూడా. రోజూ కాసేపు వేగంగా నడిస్తే బరువుకూ, ఊపిరితిత్తులకూ, ఆపరేషన్ తర్వాత కోలుకోవడానికీ మంచిదే. బెల్టు పెట్టుకుని నడవండి. పడుకుని పైకి లేచి కూర్చునే (సిట్-అప్స్) వ్యాయామాలు, బరువులెత్తడం మాత్రం మానేయండి.

తర్వాతది చాలామంది చెప్పడం మర్చిపోయే సంగతి. మీరు రోజూ దేనికోసం ముక్కుతున్నారు? దగ్గు రెండు మూడు వారాలకు మించి ఉంటే కారణం తేల్చుకోండి. ఆస్తమా ఉంటే ఇన్‌హేలర్ సరిగ్గా వాడండి. మలబద్ధకానికి పీచు, నీళ్లు, అవసరమైతే మలం మెత్తబరిచే మందు వాడాలి. యాభై దాటిన మగవాళ్లు మూత్రం కోసం ముక్కాల్సి వస్తుంటే ప్రొస్టేట్ చూపించుకోవాలి. ఈ ముక్కుడు ఆగకపోతే ఎంత గొప్ప సర్జన్ కుట్టినా ఆ రిపేరు మీద రోజూ దెబ్బ పడుతూనే ఉంటుంది.

రక్తం పలచబడే మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. ఎప్పుడు ఆపాలి, బదులుగా ఏం వాడాలి అన్నది గుండె డాక్టరు, సర్జన్ చెప్పాలి. బరువు తగ్గే ఇంజెక్షన్లు, కొన్ని షుగర్ మాత్రల గురించి మత్తు డాక్టరుకు ముందే తెలియాలి. ఆ ఇంజెక్షన్ల వల్ల కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది, పరగడుపున ఉన్నా లోపల ఆహారం మిగిలి ఉండొచ్చు.

హెర్నియా చాలా పెద్దదై పేగుల్లో ఎక్కువ భాగం బయటే ఉంటోందనుకోండి. వాటిని ఒక్కసారిగా లోపల కుక్కితే ఊపిరి ఆడదు. అలాంటివాళ్లకు సుమారు నాలుగు వారాల ముందు పొట్ట పక్క కండరాల్లో బొటాక్స్ ఇంజెక్షన్లు ఇచ్చి వాటిని వదులు చేస్తారు. ముఖం ముడతలకు ఇచ్చేది ఇదే మందు, ఇక్కడ మాత్రం దానికి నిజంగానే పెద్ద పని ఉంది.

6. ఏ ఆపరేషన్? సర్జన్‌ను ఏం అడగాలి?

వట్టి కుట్లా, మెష్ వేసి కుట్టడమా అన్న తగవు దాదాపు తేలిపోయింది. నెదర్లాండ్స్‌లోనే ఈ రెంటినీ పోల్చి చూసిన పరిశోధన 2000లో వచ్చింది. మూడేళ్లలో వట్టి కుట్లు వేసినవాళ్లలో 43 శాతం మందికి హెర్నియా మళ్లీ వచ్చింది, మెష్ వేసినవాళ్లలో 24 శాతం మందికి. అదే పేషెంట్లను పదేళ్ల దాకా గమనిస్తే 63, 32గా తేలింది. అందుకే ఇప్పుడు మరీ చిన్నవాటికి తప్ప మెష్ లేకుండా చేయడం అరుదు.

మెష్ అంటే సన్నటి జాలీ. ఎక్కువగా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. ఇలాంటి సింథటిక్ మెష్‌లు 1950ల చివరి నుంచీ వాడకంలో ఉన్నాయి. ఒంట్లో కణజాలం దాని కళ్లలోంచి అల్లుకుపోయి పొరను బలపరుస్తుంది. ‘ఒంట్లో ప్లాస్టిక్ ఉంచేస్తారట’ అనే భయం సహజమే. చీము పడితే కొందరిలో మెష్ తీసేయాల్సి వస్తుంది, కొందరికి దీర్ఘకాలం నొప్పి ఉంటుంది, పేగుకు అంటుకునే ప్రమాదమూ ఉంది. ఇవి దాచాల్సిన విషయాలు కావు. అయినా చాలామందికి లాభమే ఎక్కువ.

మెష్ ఏ పొరలో పెడతారన్నది ముఖ్యం. తెల్లటి పొర పైన, కొవ్వు కింద పెట్టడం తేలిక, కానీ నీరు చేరడం, గాయంలో చీము ఎక్కువ. కండరం వెనక పెడితే లోపలి ఒత్తిడే మెష్‌ను పొట్ట గోడకు అదిమి ఉంచుతుంది, పేగుకూ తగలదు. ఓపెన్ ఆపరేషన్లో ఎక్కువమంది నిపుణులు ఇష్టపడేది ఇదే. లాప్రోస్కోపీలో లోపలి నుంచి మెష్ పెడితే గాయాలు చిన్నవి, చీము పట్టడం తక్కువ, త్వరగా ఇంటికెళ్లొచ్చు. కానీ మెష్ పేగుల వైపు ఉంటుంది కాబట్టి అంటుకోకుండా ప్రత్యేక పూత ఉన్నదే వాడాలి, రంధ్రాన్ని కూడా కుట్టి ఆపై మెష్ పెడితే మేలు. లాప్రోస్కోపీతోనూ రోబోతోనూ కండరం వెనకే మెష్ పెట్టే పద్ధతులు కూడా ఇప్పుడు ఉన్నాయి. ఏ పద్ధతైనా మెష్ రంధ్రం అంచులు దాటి చుట్టూ సాధారణంగా 5 సెంటీమీటర్లు పరుచుకోవాలి. పెద్ద రంధ్రాల్లో రెండంచులూ దగ్గరికి రావు. అప్పుడు పక్క కండరాల పొరలను విడదీసి మధ్యకు జరుపుతారు. ఇది గంటలు పట్టే పెద్ద ఆపరేషన్.

రోబో అని వినగానే గొప్పదని, ఓపెన్ అనగానే పాతదని అనుకోవద్దు. మీ సర్జన్ చేయి తిరిగిన పద్ధతే మీకు మంచి పద్ధతి. గదిలోకి వెళ్లినప్పుడు కంగారులో మర్చిపోతారు, ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకోండి. నా రంధ్రం ఎన్ని సెంటీమీటర్లు? మెష్ ఏ రకం, ఏ పొరలో పెడతారు? రంధ్రం అంచులు కలిపి కుడతారా, వంతెనలా మెష్ మాత్రమే వేస్తారా? ఇలాంటివి ఏడాదికి ఎన్ని చేస్తారు? మళ్లీ వచ్చే అవకాశం నా విషయంలో ఎంత? లోపల పేగులు అంటుకుపోయి ఉంటే ప్లాన్ ఏమిటి? చివరి ప్రశ్నకు తడుముకోకుండా జవాబిచ్చే సర్జన్ ముందే ఆలోచించి ఉన్నాడన్నమాట.

7. ఆపరేషన్ తర్వాత

మంచం మీంచి నేరుగా లేవకండి. ముందు పక్కకు ఒత్తిగిలి, మోకాళ్లు ముడిచి, కాళ్లు కిందికి జార్చుతూ, మోచేతిని ఆన్చి లేవండి. దగ్గు, తుమ్ము వచ్చేటప్పుడు చిన్న దిండును కుట్ల మీద రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టుకోండి. ఈ చిన్న పనులకు నొప్పి తగ్గుతుంది. డాక్టరు వద్దంటే తప్ప ఆ రోజో మర్నాడో లేచి నాలుగడుగులు వేయాలి, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా, ఊపిరితిత్తుల్లో కఫం చేరకుండా ఉండటానికి. గట్టిగా ఊపిరి తీసుకునే వ్యాయామం గంటగంటకూ చేయండి. నొప్పి మాత్రల వల్ల మలబద్ధకం వస్తుంది, ముక్కే దాకా రానివ్వకుండా మొదటి రోజు నుంచే మెత్తబరిచే మందు అడగండి.

చాలామందిని హడలగొట్టేది సెరోమా. హెర్నియా ఉన్న ఖాళీలో నీరు చేరి, రెండో వారంలోనో మూడో వారంలోనో అదే చోట ఉబ్బు కనిపిస్తుంది. ‘మళ్లీ వచ్చేసింది’ అని గుండె జారిపోతుంది. పడుకున్నా లోపలికి పోదు, దగ్గినా పెరగదు, అదే గుర్తు. చాలావరకు వారాల్లో, ఒక్కోసారి రెండు మూడు నెలల్లో దానంతటదే ఇంకిపోతుంది. తీయించేయమని పట్టుబట్టకండి, సూది గుచ్చిన ప్రతిసారీ మెష్ దాకా సూక్ష్మజీవులు వెళ్లే దారి తెరుచుకుంటుంది. నొప్పి, ఎర్రదనం, జ్వరం తోడైతే మాత్రం వెంటనే చూపించాలి.

బరువుల విషయంలో చాలామంది సర్జన్లు ఆరు వారాల దాకా 4, 5 కిలోలు మించొద్దంటారు, పెద్ద రిపేర్లకు మూడు నెలలు. ఎత్తుకోమని చేతులు చాచే పిల్లాడి బరువు అంతకంటే ఎక్కువే ఉంటుంది, మీరు కూర్చుని ఒళ్లోకి రమ్మనండి. బండి నడపడం నొప్పి లేకుండా సడన్ బ్రేక్ వేయగలిగినప్పుడు, మత్తు కలిగించే నొప్పి మాత్రలు ఆపాక. బెల్టు కొన్ని వారాలు కట్టమంటారు, అది నొప్పికి సుఖం, రిపేరును నిలబెట్టేది మాత్రం కాదు. కుట్ల నుంచి చీము, తగ్గని జ్వరం, ఆగని వాంతులు, గ్యాస్ పోకపోవడం, పిక్కలో వాపు, ఉన్నట్టుండి ఆయాసం, వీటికి చెకప్ డేటు దాకా ఆగకూడదు.

8. కడుపు ఆపరేషన్ ముందుందా?

ఇంకా హెర్నియా రాలేదు, వేరే కారణంతో పొట్ట కోయబోతున్నారు అంటే, ఐదో అంశంలో చెప్పినవన్నీ మీకూ వర్తిస్తాయి. ‘పొర ఎలా కుడతారు, చిన్న కుట్లేనా?’ అని అడగడంలో తప్పు లేదు. బరువు ఎక్కువున్నవాళ్లకు, బృహద్ధమని (గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం) ఉబ్బిపోయి దానికి ఆపరేషన్ చేయించుకునేవాళ్లకు హెర్నియా ప్రమాదం మరీ ఎక్కువ. అలాంటివాళ్లకు కుట్లు వేసేటప్పుడే ముందుజాగ్రత్తగా మెష్ పెట్టడం గురించి సర్జన్‌తో మాట్లాడొచ్చు. పొట్ట మీద మలం సంచి పెట్టించుకునేవాళ్లకు ఆ రంధ్రం పక్కన హెర్నియా చాలా మామూలు, అక్కడ కూడా ఇదే ప్రశ్న అడగండి.

డిశ్చార్జ్ అయ్యే రోజు ఆపరేషన్ నోట్స్ కాపీ, మెష్ ప్యాకెట్ మీది స్టిక్కర్ అడిగి తీసుకుని ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకోండి. చాలా ఆస్పత్రుల్లో ఆ స్టిక్కర్ కేస్ షీటులో అతికించి ఉంటుంది, అడిగితే ఇస్తారు.